గంజి పెట్టిన టెంటు

ఆ ఎండాకాలం మొదలైనప్పుడు మా ఇంట్లో మగ్గం గుంటలో కూర్చునేది మా ఆయన భాస్కర్. వానలు పడేసరికి అందులో ఇంకొకరు కూర్చున్నారు. ఇందులో నా తప్పు ఎంతో నాకు తెలుసు కాబట్టి నేనే చెబుతాను. ఇంకెవరైనా చెబితే నన్ను వెనకేసుకొస్తారేమోనని నా భయం.

మాది గద్వాల. మా చీరకు నడుమ నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసే చోట ప్రతి వరసలో పోగును పోగుకు వేళ్లతో మెలేసి కలపాలి. ఆ పని మా ఆయన కుడిచెయ్యి చేసినంత శుభ్రంగా మా వీధిలో మరే చెయ్యీ చేసేది కాదు. ఆయనకు ఒకటే పంతం. మా ఒక్కగానొక్క పిల్ల సౌజన్య ఆ గుంటలో కాలు పెట్టకూడదు, కాలేజీకి పోవాలి. పిల్ల కూడా అట్లాగే చదివింది. పదో తరగతి పరీక్షలు అయిపోయిన రోజు పుస్తకాల సంచీ కొక్కేనికి తగిలించి, తండ్రి ఎదుట నిలబడి అడిగింది.

"నాయినా, ఏడికన్న పోదాం. నేను ఇంతవరకు వనపర్తి దాటలే."

ఆయన రెండు రోజులు ఫోన్‌లో గదుల అద్దెలు చూసి, చూసి, ఫోన్ పక్కన పెట్టేశాడు. మూడో రోజు మాత్రం మొహం వెలిగిపోతూ లేచాడు. టెంటు వేసుకుని ఊళ్లు తిరిగే వాళ్ల వీడియోలు కనిపించాయట. గది అద్దె లేదు, హోటల్ తిండి లేదు, బస్సు చార్జీ ఒక్కటే. వండుకునే గిన్నె ఒకటి, దుప్పట్లు, టార్చిలైటు, మంచినీళ్ల క్యాను ఉంటే చాలట. మొదట సొంత మిద్దె మీద వేసి చూసుకోవాలి, తర్వాత తెలిసిన వాళ్ల ఊళ్లో, ఆ తర్వాతే దూరం పోవాలి అని వాళ్లు చెప్పిన పద్ధతిని మాకు పాఠంలా అప్పజెప్పాడు.

టెంటు బజారులో కొందామన్నాను. ఆయనకు రోషం వచ్చింది.

"నేసెటోడు బట్ట కొంటడా, యమునా? నలుగురు నవ్వరా?"

చీరకూ చీరకూ మధ్య ఖాళీలో లావు నూలు వేసి పది రోజుల్లో బట్ట నేశాడు. దర్జీ కుట్టిచ్చాడు. మా అత్త జములమ్మ ఆ బట్టను చేత్తో నలిపి చూసి, ఇది చచ్చిన పాములా వేలాడుతోంది, దీనికి గంజి పెట్టందే నిలబడదు అని తీర్పు చెప్పింది. మగ్గానికెక్కే పడుగు పోగులకు గంజి పెట్టడంలో మా అత్తను మించిన మనిషి గద్వాలలో లేదు. జొన్నపిండి నానబెట్టి, కాచి, పోగు తెగకుండా అందులో పల్లినూనె కలిపి, కుంచెతో పట్టిస్తుంది. చీర పడుగుకు ఒక్కసారి పెట్టేది టెంటుకు రెండుసార్లు పెట్టింది. ఆరిన తర్వాత బట్ట అప్పడంలా బిర్రుగా నిలబడింది. ఇక వాన జల్లు కూడా దూరదని ఆమె ధీమా.

ఇప్పుడు తలుచుకుంటే ఆ బట్టకు రొట్టెలు కాల్చే ఇంటి వాసన ఉండి ఉంటుంది. గంజి వాసనలో పుట్టి గంజి వాసనలో పెరిగిన వాళ్లం, మా ముక్కుకు అది వాసనే కాదు.

మిద్దె మీద వేసిన మొదటి రోజు తెల్లవారేసరికి చీమలు బారు కట్టాయి. పక్కనే మూత సరిగా పడని రొట్టెల డబ్బా ఉంది. దాన్ని వదిలేసి అవి టెంటు గోడ ఎక్కాయి. కింది అంచున రూపాయి బిళ్లంత మేర ఎలుక కొరికేసింది. అత్త చూసి తన గంజి చీమలకు కూడా ముద్దొచ్చిందని మురిసిపోయింది. అందరం నవ్వాం. నేనూ నవ్వాను కానీ, కొరికిన చోట వేలు పెట్టి చూస్తుంటే మనసులో ఎక్కడో కలుక్కుమంది. దాన్ని మాటగా బయటికి తేలేదు.

రెండోసారి అమరచింత పోయాం. అది నా పుట్టిల్లు. మా అన్న శివకుమార్ కౌలుకు చేసే చేనులో పల్లి పీకేశారు, నేల ఖాళీగా ఉంది. అక్కడ వేసుకున్నాం. ఆ సాయంత్రం సంగతి చెప్పకపోతే తర్వాతిది మీకు అర్థం కాదు. పెళ్లయి పదిహేడేళ్లు. అన్నేళ్లలో వెలుతురు ఉండగా నేను ఊరికే కూర్చున్న రోజు లేదు. వంట, నీళ్లు, మిగిలిన పొద్దంతా మగ్గానికి నూలు కండెలు చుట్టడం. ఆ రోజు చేనులో పొద్దు గూకేదాకా కాళ్లు చాపుకుని కూర్చున్నాను. మా ఆయన మూడు రాళ్లు పెట్టి అన్నం వండాడు, అడుగంటించాడు. పిల్ల నా ఒళ్లో తల పెట్టుకుని కాలేజీలో ఏ గ్రూపు తీసుకోవాలో చెప్పింది. ఇంత తక్కువలో ఇంత సుఖం ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

తెల్లవారుజామున టెంటు ఒక పక్కకు గుంజుకుపోయింది. మా ఆయన బట్ట కింది నుంచి చెయ్యి బయట పెట్టి దేన్నో నెట్టాడు. తడి మూతి తగిలిందని కేక వేసి, పకపక నవ్వాడు. అది శివకుమార్ బర్రె. తలుగు తెంపుకుని వచ్చి టెంటు మూల జానెడు మేర నమిలేసింది. దాని నోట్లోంచి బట్ట లాగడానికి మా అన్న తంటాలు పడ్డాడు.

"బావా, బట్ట నేసినవా, కుడితి కలిపినవా? చొప్ప ఇడిశిపెట్టి దీనికొచ్చింది."

చిరిగిన చోట నేను అతుకు వేశాను. ఇంటికొచ్చి అత్తకు మాత్రం తుమ్మముల్లు తగిలి చినిగిందని చెప్పాను. బర్రె తిన్నదంటే ఆమె గంజికి వంక పెట్టినట్టవుతుంది, అప్పుడు బట్ట ఉతకాలి, ఉతికితే మళ్లీ వేలాడుతుంది, మా ఆయన ఉత్సాహం నీరుగారుతుంది. ఇవన్నీ సాకులే. అసలు సంగతి ఏమిటంటే ఈ తిరుగుడు ఆగిపోతుందేమోనని నాకు భయం పట్టుకుంది.

మూడోది మన్ననూర్. ఏటా అడవి నుంచి తేనె, కుంకుడుకాయలు తెచ్చి మా వీధిలో అమ్మే చెంచు ఆమె ఉంది, పేరు ఈదమ్మ. అత్తకు పాతికేళ్ల పరిచయం. తన ఇంటి ముందర కావలసినంత జాగా ఉందని, ఎప్పుడైనా రమ్మని ప్రతిసారీ అనేది. రోహిణి ఎండల్లో బయలుదేరాం. వనపర్తిలో ఒక బస్సు, నాగర్‌కర్నూల్‌లో ఒకటి, అచ్చంపేటలో ఇంకొకటి మారాం. వనపర్తి దాటగానే సౌజన్య నా చెయ్యి గిల్లింది.

ఊరి దగ్గర అటవీ శాఖ గేటు వద్ద మమ్మల్ని ఆపారు. అడవిలోపల టెంటు వేయడానికి వీల్లేదని, ఊళ్లో ఉన్నా పొద్దు గూకాక ఇంటి వాకిలి దాటొద్దని గట్టిగా చెప్పారు. మా ఆయన అన్నిటికీ తలూపాడు. ఈదమ్మ ఇల్లు ఊరికి చివర. వాకిలి అయిపోయిన చోటే చెట్లు మొదలవుతాయి. దారిలో పిల్ల వంగి ఏదో చూసి నన్ను పిలిచింది. నల్లటి పెంట కుప్ప, నిండా తునికి గింజలు. ఆవుదీ కాదు, మేకదీ కాదు. మా ఆయన దాన్ని దాటుకుని ముందుకు నడిచాడు.

టెంటు లేపేసరికి ఈదమ్మ కుక్క వచ్చింది. గోడను రెండుసార్లు నాకింది. తర్వాత చెట్ల వైపు తలెత్తి, తోక కాళ్ల మధ్య పెట్టుకుని, వెనక్కి వెనక్కి నడిచి పోయింది. మేం వేసిన రొట్టె ముక్కకు కూడా మళ్లీ రాలేదు.

పిల్ల పులి వస్తుందా అని అడిగింది. ఈదమ్మ నవ్వలేదు.

"పులి మన మొఖం జూడదు, బిడ్డా. ఎలుగుబంట్లతోనే పరేషాన్. గిప్పుడు తునికిపండ్ల కాలం, ఊరి దాక వస్తున్నయి."

ఆమె టెంటు దగ్గరికి నడిచి, బట్టకు ముక్కు ఆనించి వాసన చూసింది. అప్పుడు నన్ను వేరుగా ఇంటి వెనక్కి తీసుకుపోయి, దీనికి ఏం పూశారని అడిగింది. జొన్నగంజి, పల్లినూనె అన్నాను. ఆమె తల మీది కొంగు తీసి గాలిలో పట్టుకుంది. కొంగు అడవి వైపు ఎగిరింది.

"గాలి అటే పోతుంది. పొద్దుండంగనే బోరు కాడ ఉతుకు, బిడ్డా. వాసన పోయేదాక ఉతుకు. లేదంటే దాన్ని ఇప్పి నా ఇంట్ల పండుకోండ్రి."

సరే అన్నాను. ఆ మాటను నేను ఇప్పటికీ వింటాను, నా గొంతుతోనే.

బోరు దగ్గరికి పోయాను కూడా. బిందె నింపుకుని నిలబడి చూశాను. పడమట మబ్బు కమ్ముతోంది. ఇప్పుడు ఉతికితే పొద్దున దాకా ఆరదు. ఈదమ్మ ఇల్లు ఒకటే గది, అందులో ఆమె కొడుకు కుటుంబం అయిదుగురు ఉన్నారు. అక్కడ పడుకోవడానికి ఇంత దూరం రావడం ఎందుకు? టెంటు ముందర మా ఆయన, పిల్ల కలిసి రాళ్లు పేరుస్తున్నారు. పిల్ల పాట పాడుతోంది. ఈ ఒక్క రాత్రే కదా అనుకున్నాను. బిందె ఎత్తుకుని వచ్చేశాను, ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఈదమ్మ తర్వాత టెంటు వైపు ఒకసారి చూసింది. నన్నేమీ అడగలేదు. మా టెంటుకూ అడవికీ మధ్య రెండు మొద్దులు తెచ్చి మంట వేసి, తన గడపలో చాప పరుచుకుని పడుకుంది.

వాన వచ్చింది. పెద్దది కాదు, మంట ఆర్పడానికి సరిపోయింది. నాకు నిద్ర పట్టలేదు. తడిసిన గంజి వాసన మొదటిసారిగా నా ముక్కుకు తెలిసింది. లేచి ఆయన్ని తట్టాలనుకున్నాను. ఇంకొక్క గంటలో తెల్లవారుతుందిలే అని కళ్లు మూసుకున్నాను.

మసక వెలుతురు వచ్చే వేళకు టెంటు మూల గుంజుకుపోయింది. బయట నుంచి చప్పరించే చప్పుడు. అతుకు వేసిన మూలే అది. మా ఆయన నిద్రలోనే నవ్వాడు. "బర్రె మల్లొచ్చిందే" అని, అమరచింతలో చేసినట్టే బట్ట కింది నుంచి కుడిచెయ్యి బయట పెట్టి నెట్టాడు.

నేను ఆ చెయ్యి పట్టుకోబోయాను. నాకు అందలేదు.

ఆ తర్వాతిది ఎక్కువ చెప్పలేను. ఆయన అరవలేదు, ఊపిరి లోపలికి పీల్చుకున్నాడంతే. ఈదమ్మ పొయ్యిలోంచి మండుతున్న కట్టె పట్టుకుని, ఆమె కొడుకు రేకు డబ్బా కొడుతూ పరుగెత్తుకొచ్చారు. చెట్లలోకి పోతున్న నల్లటి వీపును పిల్ల చూసింది. నేను చూడలేదు, చెయ్యినే చూస్తున్నాను. అచ్చంపేటలో కట్టు కట్టి నాగర్‌కర్నూల్ పంపారు, అక్కడి నుంచి హైదరాబాద్ పెద్ద దవాఖానకు. మూడు వారాలున్నాం. చూపుడువేలు, నడిమివేలు తీసేశారు. బొటనవేలు ఉంది కానీ వంగదు.

ఇంటికొచ్చిన రోజు అత్త తన కొడుకు చేతిని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. దవాఖానలో ఎవరో అన్నారట, గంజి వాసనకు వచ్చి ఉంటుందని. ఆ మాట ఆమె చెవిన పడింది. మర్నాడు గంజి కుండను వాకిట్లో పగలగొట్టింది. నా చేతులతో నా కొడుకు చెయ్యి తీసిన అని వీధిలో కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పేది. అన్నం సగానికి తగ్గించింది. నేను పక్కనే ఉండి కూరలు తరిగేదాన్ని. నీ గంజి కాదు అత్తమ్మా, ఈదమ్మ ఉతకమని చెప్పినా నేను ఉతకలేదు అన్న మాట గొంతు దాకా వచ్చేది, మింగేసేదాన్ని. ఇది పిరికితనం. ఇంకో పేరు పెట్టి దాన్ని గౌరవించను.

జూన్ నెలాఖరులో ఒక పొద్దున లేచి చూస్తే సౌజన్య మగ్గం గుంటలో కూర్చుని ఉంది. చీర సగంలో ఆగిపోయి ఉంది మరి. కాలేజీ సంగతి తర్వాత చూద్దాం అంది. మా ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆయన దాన్ని లేపలేదు, నేనూ లేపలేదు. ఇల్లు గడవాలి కదా అని పిల్ల అట్లా చేసిందనుకున్నాం. మాకు ఆ మాట సులువుగా ఉంది. ఆయన మంచం మీద కూర్చుని ఎడమచేత్తో చూపిస్తుంటే, పిల్ల నేర్చుకుంది. తొందరగానే నేర్చుకుంది.

శ్రావణం దగ్గర పడుతున్న కొద్దీ నాకు ఇంకో గుబులు మొదలైంది. ఈదమ్మ తేనె తీసుకుని వచ్చే కాలం అది. ఆమె వస్తుంది, అత్త పక్కన కూర్చుంటుంది, నీ కోడలికి చెప్పానే అంటుంది. వీధిలో ఎవరు పిలిచినా ఉలిక్కిపడేదాన్ని. చివరికి ఒక మధ్యాహ్నం, అత్తా పిల్లా ఇంట్లో లేని సమయం చూసి, మా ఆయన మంచం పక్కన నేల మీద కూర్చుని మొత్తం చెప్పేశాను. బోరు, బిందె, మబ్బు, అన్నీ.

ఆయన తన చేతిని చూసుకున్నాడు. కొడతాడేమోనని కూడా అనుకున్నాను, ఎన్నడూ కొట్టని మనిషి.

"నాక్కూడ జెప్పింది" అన్నాడు. "కట్టెలు ఏరేటప్పుడు. ఇప్పి ఇంట్ల పండుకొమ్మన్నది. నువ్వు గంత సంబురంగ ఉంటివి, పిల్ల పాట పాడుతుండె. ఊకున్న."

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం. నాకు ఆయన మీద కోపం వచ్చింది, వెంటనే ఏ హక్కుతో అనిపించింది. అమ్మకు చెప్పొద్దు అన్నాడు ఆయన. నేను వినలేదు. ఆ సాయంత్రమే అత్త రాగానే ఆమె కాళ్ల దగ్గర కూర్చుని చెప్పాను. ఆయన గడపలో నిలబడ్డాడు.

అత్త మొదట అడిగింది ఒక్కటే, అయితే తన చేతి గంజి కాదా అని. కాదన్నాను. మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను. ఆమె కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి, ఎంతో బరువు దించుకున్న మనిషిలా వీపు గోడకు ఆనించింది. తిడుతుందని ఎదురు చూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నాకు జెప్పినరు, మంచిగైంది" అంది చివరికి. "మరి పిల్లకు ఎప్పుడు జెప్తరు?"

పిల్లకు ఎందుకన్నాడు మా ఆయన.

"ఎందుకా? రోజు నా పక్కల పండుకొని ఏడుస్తది. ఏడికన్న పోదామని నేనే అడిగిన, నాయిన చెయ్యి నా వల్లనే పాయె అంటది. గందుకే గుంటల కూసున్నది. ఇల్లు గడవాలని అనుకుంటుండ్రా మీరు?"

నేను లేచి మగ్గం గదిలోకి పోయాను. సౌజన్య బయటి నుంచి ఎప్పుడొచ్చిందో, దీపం వేసుకుని అప్పటికే పనిలో ఉంది. గుంట అంచున కూర్చున్నాను. తల దించుకుని మొదలుపెట్టాను. ఈదమ్మ నాకు చెప్పింది, మీ నాయినకూ చెప్పింది, ఇద్దరమూ ఊరుకున్నాం అన్నాను. పిల్ల చేతులు ఆగాయి.

"నీ కోసమని నాకు నేనే జెప్పుకున్న, బిడ్డా. నీ కోసం గాదు. గా ఒక్క రాత్రి అక్కడ పండుకోవాలని నాకే ఉండె."

"అంటే నేనడిగినందుకు గాదా?"

"గాదు."

ఆమె పట్టు పోగును నూలు పోగుకు మెలేసి కలిపింది. ఏడుస్తుందేమోనని దగ్గరికి జరిగాను. ఏడవలేదు.

"కాలేజీల చేరే గడువు మొన్న ఐతారమే అయిపాయె, అమ్మా" అంది. కోపం లేదు ఆ గొంతులో, టైమెంతయిందో చెప్పినట్టు చెప్పింది.

వచ్చే ఏడు చేరుదువులే అన్నాను. నాడెలో నూలు కండె అయిపోయింది. ఇంకోటి ఇవ్వమని, మగ్గం మీది నుంచి కళ్లు తిప్పకుండా నా వైపు చెయ్యి చాపింది. నేను అందించాను.